ఆరేళ్ళ పన్ను ఆగదు

మీ ఇంట్లో అయిదు దాటి ఎనిమిది నిండని బిడ్డ ఉంటే ఈ కాగితం కాసేపు పక్కన పెట్టండి. బిడ్డను వాకిట్లో వెలుతురులోకి పిలిచి నోరు తెరిపించండి. కింది దవడలో అన్నిటికంటే వెనకనున్న పన్ను చూడండి, రెండు వైపులా. నమిలే చోట గాడుల్లో నల్ల చుక్కలున్నాయా? గుంట పడిందా? మెతుకు ఇరుక్కుని ఉందా? ఉంటే రేపటికి పెట్టుకోవద్దు. అది మీరనుకుంటున్న పాలపన్ను కాకపోవచ్చు. ఆరేళ్ళ ప్రాయంలో మొలిచే మొదటి శాశ్వత దవడపన్ను కావచ్చు. జీవితాంతం అన్నం నమలాల్సిన పన్ను. పోతే దాని చోట ఇంకోటి రాదు.

ఆ పన్ను దొంగలా వస్తుంది. ముందుపన్ను ఊడితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరడం, బోసినోటిని చూసి మేనమామలు ఏడిపించడం, అదొక సంబరం. ఈ వెనకపన్ను మాత్రం ఏదీ ఊడకుండానే, పాలపళ్ళ వరసకు ఆవల ఖాళీగా ఉన్న చిగురు చీల్చుకుని లేస్తుంది. వచ్చిన సంగతి తల్లికి తెలియదు, బిడ్డకూ తెలియదు. సగం లేచి సగం చిగురు కప్పుకుని నెలల తరబడి ఉంటుంది. బ్రష్షు అక్కడిదాకా పోదు, బిస్కెట్టు పిండి మాత్రం పోతుంది.

ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. మా అన్నయ్యగారమ్మాయిని కొండవీడు ఇచ్చాం. ఎడ్లపాడు మండలంలో, కోటకొండల కింద ఊరు. దాని కొడుక్కి ఆరున్నరేళ్ళు. వాడు పళ్ళు తోముకోకుండా తప్పించుకోవడానికి చెప్పే సాకులన్నీ రాస్తే కొండవీటి చాంతాడంత అవుతుంది. ఆ సామెత పుట్టిన ఊళ్ళోనే పుట్టాడు మరి. సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు ఒక పొద్దున బ్రష్షు కుళాయి కింద తడిపాడు, పేస్టు చూపుడువేలికి తీసుకుని నాలుక మీద రాసుకున్నాడు, పరిగెత్తుకొచ్చి "వాసన చూడు తాతయ్యా" అని నా మొహం మీదికి ఊదాడు. పుదీనా వాసన గుప్పుమంది. వాడి తెలివికి మురిసిపోయాను. మురిసిపోవలసింది కాదు. ఆ పూటే అరిసె మొత్తం కుడిపక్కనే నమిలాడు. చూశాను. ఎందుకురా అని అడగలేదు.

దీపావళి నుంచే రాత్రిళ్ళు పన్ను సలుపుతోందని ఏడ్చేవాడట. వాళ్ళ నాయనమ్మ లవంగం పెట్టి జోకొట్టేది. "పాలపన్నేలే అమ్మా, అదే ఊడిపోద్ది" అనేది. వాళ్ళమ్మ మిరపకోతలు అయ్యాక చూపిద్దామంది. కోతలంటే మాటలా? తెల్లారకుండా ఆటో ఎక్కితే పొద్దుగూకి గానీ ఇల్లు చేరదు. ఆమెను తప్పుపట్టే నోరు నాకు లేదు. ఒకసారి చెంప వాచింది. మందుల షాపులో నాలుగు మాత్రలు తెచ్చి వేశారు. రెండో రోజుకల్లా వాపు దిగింది. దిగిందంటే తగ్గిందనుకున్నారు. మూడు వారాలు తిరక్కుండా ఒక రాత్రి ఫోను: "బాబాయ్, వీడి చెంప బూరెలా పొంగింది. కన్ను మూసుకుపోతోంది."

పుచ్చు పంటి గుజ్జులో చేరిన చీముకు మాత్రలు కళ్ళెం వేస్తాయే గానీ దాన్ని బయటికి లాగవు. పన్ను లోపల చచ్చి ఉంటుంది. చచ్చినదానికి రక్తం అందదు, రక్తం అందని చోటికి మందూ అందదు. మాత్రలు అయిపోయాక క్రిములు మళ్ళీ లేస్తాయి, ఈసారి ఇంకాస్త దూరం పోతాయి. 2007 ఫిబ్రవరిలో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో పన్నెండేళ్ళ పిల్లవాడు పుచ్చు పన్నుతో చనిపోయాడు. క్రిములు మెదడుకెక్కాయి. తలకు రెండుసార్లు ఆపరేషన్ చేశారు, వారాల తరబడి ఆసుపత్రిలో ఉంచారు, దక్కలేదు. ఆ పన్ను ముందే తీయించి ఉంటే 80 డాలర్లతో పోయేదని అక్కడి పత్రికలు లెక్కగట్టి రాశాయి. అంత డబ్బున్న దేశంలో జరిగింది, మనకు జరగదనుకోవడానికి ఆధారమేమీ లేదు.

అందుకని ఈ గుర్తులు ఇంట్లో అందరికీ తెలిసుండాలి, ముసలివాళ్ళతో సహా. పంటి నొప్పితో పాటు జ్వరం వచ్చినా, చెంప వాపు కంటి దాకా పాకినా, దవడ కింద మెడ దగ్గర గట్టిపడినా, బిడ్డ నోరు తెరవలేకపోయినా, ఉమ్ము మింగలేక కారుస్తున్నా, మాట ముద్దగా వస్తున్నా, ఊపిరి కష్టమైనా తెల్లారనిద్దామని చూడకండి. 108కి ఫోన్ చేయండి. ఉప్పుమూటతో కాపడం పెట్టకండి. నొప్పిమాత్ర నలిపి పంటి మీద పెట్టకండి, చిగురు కాలి పుండవుతుంది. కర్పూరం అసలు వద్దు. అది పిల్లల కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి.

మా వాణ్ణి ఆ రాత్రే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. చీము తీశారు, పన్ను తీశారు, వారం ఉంచుకుని పంపారు. అంతకంటే బాధపెట్టిన మాట డాక్టరమ్మ చివర్లో చెప్పింది. చీము పట్టింది పాలదవడపన్నుకే. దాని వెనకే మొలిచిన ఆరేళ్ళ పన్ను, వచ్చి ఏడాదైనా కాలేదు, అప్పుడే గుంటపడింది. దానికి సిమెంటు పెట్టి "ఇది జాగ్రత్త, ఇంకోటి రాదు" అంది. ఇంట్లో ఒక్కరికీ అది కొత్త పన్నని తెలియదు.

ఇక పాలపన్నేలే అన్న మాట సంగతి. ముందు పాలపళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, నిజమే. దవడ పాలపళ్ళు పదేళ్ళు, పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. నాలుగో ఏట పుచ్చితే మిగిలిన ఏడెనిమిదేళ్ళు ఆ బిడ్డ దేనితో నమలాలి? పైగా పాలపన్ను తన కింద తయారవుతున్న పంటికి చోటు కాపలా కాస్తుంది. ముందే పీకేస్తే పక్క పన్ను ఆ సందులోకి ఒరిగిపోతుంది, కిందది దారి లేక వంకరగా లేస్తుంది. పాలపన్ను వేరు దగ్గర చేరిన చీము కింద తయారవుతున్న పంటి పింగాణీని కూడా చెడగొట్టగలదు. 2002-03లో భారత దంతవైద్య మండలి జాతీయ సర్వే జరిపితే అయిదేళ్ళ పిల్లల్లో సగానికి పైగా పళ్ళు పుచ్చినవాళ్ళే తేలారు. సగానికి పైగా అంటే, ఏ అంగన్‌వాడీలోనైనా పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు.

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. కొండవీట్లో రాళ్ళకు కొదవ లేదు గానీ పిల్లల పళ్ళు ఊడగొడుతున్నది రాయి కాదు, రూపాయి బిళ్ళ చాక్లెట్టు, అయిదు రూపాయల క్రీము బిస్కెట్టు. తల్లి పనికి పోతూ నాయనమ్మ చేతిలో పది రూపాయలు పెడుతుంది. ఆ పది మధ్యాహ్నానికి నాలుగు విడతలుగా బడ్డీకొట్టు చేరుతుంది. నోట్లో తీపి పడ్డ కొద్ది నిమిషాలకే క్రిములు దాన్ని పులియబెట్టి ఆమ్లం చేస్తాయి. ఆ ఆమ్లంలో పంటి పింగాణీ కరుగుతుంది. ఉమ్ము దాన్ని కడిగి నోటిని మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. ఈలోగా ఇంకో బిళ్ళ పడితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. కాబట్టి ఎంత తిన్నాడన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నాడన్నదే పంటికి ముఖ్యం. పండగనాడు అన్నంతో పాటు నాలుగు అరిసెలు తిన్నవాడి కంటే పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా ఒక్కో బిళ్ళ చప్పరించేవాడి పళ్ళే ముందు పోతాయి.

ఈ సంగతి తేల్చింది స్వీడన్‌లోని వీపెహోల్మ్ ఆసుపత్రిలో 1945లో మొదలై కొన్నేళ్ళు సాగిన ప్రయోగం. బుద్ధిమాంద్యం ఉన్న రోగులకు వాళ్ళను అడక్కుండా జిగట మిఠాయిలు తినిపించి పళ్ళు పుచ్చబెట్టారు. పాపిష్టి పని. కానీ భోజనంతో పాటు తిన్న తీపి చేసిన చేటు తక్కువ, మధ్యమధ్య తిన్న జిగట తీపి చేసిన చేటు ఎక్కువ అన్న ఫలితం నేటికీ నిలబడింది. అభాగ్యుల పళ్ళతో తెలుసుకున్న ఆ మాటను మనం ఇన్నేళ్ళ తర్వాత కూడా చెవిన పెట్టకపోతే ఎలా?

ఇక మన పాత తిండి సంగతి. పల్నాటి జొన్నకూడు మీద శ్రీనాథుడు చాటువుల్లో విసుక్కున్నాడని చెప్పుకుంటాం. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా ఉండి సన్నన్నానికి అలవాటు పడ్డ కవి. ఆయన ఈసడించిన జొన్నకూట్లో చక్కెర లేదు, దాన్ని రోజంతా ఎవరూ చప్పరించరు. కొండవీటికి దగ్గర్లోనే చెంగిజ్‌ఖాన్‌పేటలో వెన్నముద్దల వేణుగోపాలస్వామి ఉన్నాడు. బాలకృష్ణుడి చేతిలో వెన్నముద్ద. ఆ వెన్నతో పంటికి చేటు లేదు. నాకు ఆ స్వామిని చూసినప్పుడల్లా యశోదే గుర్తొస్తుంది. మన్ను తిన్నావట, ఏదీ నోరు తెరువు అని అడిగిన తల్లి. ఇవాళ మన ఇళ్ళలో బిడ్డ నోరు తెరిపించి చూసే అలవాటే పోయింది. తిన్నాడా లేదా అని చూస్తాం, నోట్లోకి తొంగిచూడం.

అసలు చిక్కు మన ఆచారంలోనే ఉంది. మనకు పళ్ళు తోమడమంటే పొద్దున లేచి ముఖం కడుక్కోవడం. అది శుచి. ఎంగిలి నోటితో కాఫీ తాగకూడదు గనక తోముకుంటాం. రాత్రి తోముకోవడం మన తాతల పద్ధతిలో లేదు. పంటికి కావలసింది ఆ రాత్రి తోముడే. నిద్రలో ఉమ్ము ఊరడం తగ్గిపోతుంది, కడిగే దిక్కుండదు. అన్నం మెతుకో, పడుకోబోతూ తాగిన చక్కెర పాలో రాత్రంతా పంటి మీదే ఉంటాయి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసిపిల్లలకు పై ముందుపళ్ళు నాలుగూ మొదట పోవడానికి కారణం ఇదే. కింది పళ్ళను నాలుక కప్పి కాపాడుతుంది. పొద్దుటి పూట ఒకనాడు తప్పినా తప్పనివ్వండి, రాత్రి పూట తప్పనివ్వకండి. తోమాక మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకండి.

మొండికేసే బిడ్డ చేత ఇదెలా చేయించాలి? ముందు, ఏం చేయకూడదో చెబుతాను, ఎందుకంటే అది ప్రతి ఇంట్లోనూ జరుగుతోంది. "తోముకోకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూదేయిస్తా, పళ్ళన్నీ పీకిస్తా" అని బెదిరిస్తాం. ఆ మాటతో బ్రష్షు పట్టిన పిల్లవాణ్ణి నేను చూడలేదు. ఆ మాట విని నొప్పి దాచుకున్న పిల్లలను చూశాను. మా వాడు రాత్రిళ్ళు ఏడ్చి కూడా పగలు "నొప్పేం లేదు" అన్నది అందుకే. డాక్టరును బూచిగా చూపించాక, వాపొచ్చిన నాడు ఆ బూచి దగ్గరికే మోసుకుపోవాలి. ఇంకో పద్ధతి, తోముకుంటే చాక్లెట్టు ఇస్తాననడం. దానికి నేను చెప్పేదేమీ లేదు, మీరే నవ్వుకోండి.

ఆరున్నరేళ్ళ పిల్లవాడి చేతికి బ్రష్షిచ్చి తోముకురమ్మనడమే మనం చేసే పొరపాటు. ఆ వయసు చేతికి వెనక పళ్ళ దాకా బ్రష్షు తిప్పే నేర్పు రాదు. చొక్కా బొత్తాలు మనం పెడుతున్నన్నాళ్ళూ పళ్ళూ మనమే తోమాలి. ఏడెనిమిదేళ్ళ దాకా ఆ పని పెద్దవాళ్ళదే. ఆ తర్వాత పక్కన నిలబడి చూడాలి.

మూడు నాలుగేళ్ళ వాళ్ళకు మన నాయనమ్మలు, అమ్మమ్మలు ఎరిగిన భంగిమే మంచిది. పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టుకుంటారు చూడండి, అలాగే. తల ఒళ్ళోకి వచ్చేటట్టు తిప్పుకుంటే చాలు, నోరంతా పైనుంచి కనిపిస్తుంది. ఎడమ చేతి వేలితో చెంప పక్కకు లాగి, కుడి చేత్తో బ్రష్షును చిగురు అంచు మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ తిప్పండి. గీకొద్దు. కుంకుడురసం కళ్ళలో పడి కెవ్వుమనే బిడ్డకే తలంటు పోసిన చేతులవి, రెండు నిమిషాల మారాముకు బెదరవు. బ్రష్షు మెత్తటిది, తల చిన్నది. పేస్టు మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత, తర్వాత బఠాణీ గింజంత. టీవీలో చూపించే అలలా బారుగా పిండితే అది పేస్టు అమ్ముకునేవాడికే లాభం. తోమాక ఉమ్మించండి, మింగనివ్వకండి.

కాస్త పెద్దవాళ్ళకు బతిమాలడం కంటే పెత్తనం ఇవ్వడం మంచి మందు. పిల్లల దంతవైద్యులు కొత్తగా వచ్చిన బిడ్డకు ముందు మాటల్లో చెబుతారు, తర్వాత బొమ్మ మీదో వాడి వేలి గోరు మీదో చేసి చూపిస్తారు, ఆ తర్వాతే నోట్లో పెడతారు. ఆసుపత్రి నుంచి వచ్చాక మా వాడు బ్రష్షు కనిపిస్తే మంచం కింద దూరేవాడు. వాళ్ళమ్మ ఏడుపు గొంతుతో ఫోన్ చేస్తే వెళ్ళాను. రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని నోరు తెరిచి, "నాకు చేయి వణుకుతోందిరా అబ్బాయ్, నువ్వు తోమిపెట్టు" అన్నాను. మంచం కింది నుంచి తల బయటికొచ్చింది. "నీకు పైన రెండు లేవు" అన్నాడు. "చిన్నప్పుడు తోముకోలేదు" అన్నాను. నిజమే అది. నా దవడ పళ్ళు ఎక్కడ పోయాయో వేలు పెట్టి మరీ చూశాడు. తర్వాత నా పళ్ళు తోమాడు, చొక్కా అంతా నురగ చేసి. పై వరస, కింద వరస, లోపల వైపు, నమిలే వైపు, నేను చెప్పినట్టల్లా. "ఇప్పుడు నా వంతు" అన్నాను. కాసేపు ఆలోచించాడు. నోరు తెరిచాడు. ఎంతసేపు అని అడిగితే కుళాయి కింద బిందె పెట్టి అది నిండేదాకా అన్నాను. మూడో రోజు నుంచి బిందె వాడే పెడుతున్నాడు.

మన వైపు పిల్లలకు చెందిన ఇంకో సంగతి. కొందరు పిల్లల పళ్ళ మీద సుద్ద గీతలు, పసుపు, గోధుమ రంగు మరకలు ఉంటాయి. తోమడం లేదని తల్లి గసురుతుంది, బళ్ళో తోటి పిల్లలు వెక్కిరిస్తారు. కొందరు ఇటుకపొడితో, బొగ్గుతో అరగదీస్తారు. అది మురికి కాకపోవచ్చు, నీళ్ళలోని ఫ్లోరైడ్ కావచ్చు. మన దేశంలో ఈ జబ్బును మొదటిసారి వైద్య పత్రికకెక్కించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో చూసి. మనకు దూరమేమీ కాదు. వినుకొండ, బొల్లాపల్లి వైపు ఫ్లోరైడ్ గోడు తెలియనివాళ్ళెవరు? పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపు, అలాంటి నీళ్ళు తాగితే మరక పంటితోనే పుడుతుంది. ఎంత తోమినా పోదు. లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉండాలని, వేరే నీళ్ళు దొరకని చోట ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని మన ప్రమాణం. మీ బోరు నీళ్ళు గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా బిడ్డను గసరడం ఆపండి. మరక ఉన్న పన్ను కూడా పుచ్చుతుంది గనక తోమడం మానిపించకండి. పేస్టు ఏది వాడాలో దంతవైద్యుణ్ణి అడగండి.

పుల్లలు, పొడుల గురించి రెండు మాటలు. వేపపుల్ల పెద్దల అలవాటు, వాళ్ళ ఇష్టం. చిన్నపిల్లల చిగుళ్ళకు అది ముల్లే. పొగాకు కలిపిన పళ్ళపొడి, పేస్టులను 1992లోనే ప్రభుత్వం నిషేధించింది. తిరునాళ్ళలో పొగపెట్టి పంటి పురుగు రాలుస్తామని చెప్పేవాడు ఇంకా కనిపిస్తే దండం పెట్టి రండి. పళ్ళను పుచ్చబెట్టేది పురుగు కాదని పియేర్ ఫోషార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1728లోనే రాశాడు. వాడు పళ్ళెంలో రాల్చి చూపించే పురుగు మీ బిడ్డ నోట్లోది కాదు.

డబ్బు లేదనో దూరమనో ఆగకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. దాని కింద వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వచ్చి పిల్లలను చూడాలి. చూడాల్సిన జబ్బుల పట్టికలో పళ్ళు పుచ్చడం కూడా ఉంది. వాళ్ళొచ్చిన రోజు బరువు, ఎత్తు కొలిచి పంపేస్తుంటే, నోరు కూడా చూడండని అడిగే హక్కు మీకుంది. గుంటూరు దగ్గర తక్కెళ్ళపాడులో దంతవైద్య కళాశాల ఉంది, విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. సూదికి, మిషనుకు బెదిరే బిడ్డకు ఇప్పుడు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే చుక్కల మందు ఉంది. పుచ్చిన చోట పూస్తే పుచ్చు ముదరకుండా చాలావరకు ఆగుతుంది. ఆ మేర నల్లబడుతుంది, అంతే. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆవశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఆరేళ్ళ పన్ను బాగున్నప్పుడే పైగాడులు పూడ్చే పూత వేయించుకోవచ్చు, దానికీ సూది లేదు. చిగురు దగ్గర సుద్దలాంటి తెల్ల మచ్చ కనిపించినప్పుడే వెళితే అసలు గుంటే పడకుండా ఆపొచ్చు. నల్లబడ్డాక వెళితే సిమెంటు. సలుపు మొదలయ్యాక వెళితే వేరు వైద్యం. చెంప పొంగాక వెళితే మా వాడు పడ్డదే.

ఇప్పుడు మళ్ళీ కోతల కాలం వస్తోంది. ఈ రాత్రి అన్నాలయ్యాక ఫోను టార్చి వేసి చూడండి. కింద చిట్టచివర, రెండు వైపులా. తర్వాత పైన. ఏ పన్ను మీదైనా నలుపు కనిపిస్తే పొద్దున్నే మేస్త్రికి రానని చెప్పి గుంటూరు బస్సెక్కండి.